చేతులు కట్టుకుంటే మాయం: వాంపైర్ లార్ప్ ఎందుకు వదలదు, ఎక్కడ గాయం చేస్తుంది

ఒక హాలు. ముప్పై మంది దాకా ఉన్నారు. చాలామంది నలుపు వేసుకున్నారు. ఒకావిడ పాతకాలపు లేసు గౌనులో ఉంది, ఒకాయన మామూలు ఆఫీసు సూటులో వచ్చాడు. మూలన ఒక కుర్రాడు రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. అతనికి రెండడుగుల దూరంలో ఇద్దరు తలలు దగ్గరగా పెట్టుకుని గుసగుసలాడుతున్నారు. అతను అక్కడున్నాడని ఇద్దరికీ తెలుసు, కళ్లారా చూస్తున్నారు కూడా. అయినా తమ కుట్ర మొత్తం చివరి మాట దాకా చెప్పుకుంటారు. చేతులు అలా కట్టుకుంటే ఈ ఆటలో ఒకటే అర్థం: నేను మీకు కనిపించడం లేదు.

వాంపైర్ లార్ప్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఈ దృశ్యమే. ఆ ఇద్దరూ తమ పాత్రలు నాశనమైపోతాయని తెలిసి కూడా, ఎదుటివాడి ఆట బాగుండాలని, తమ రహస్యాన్ని అతని చెవిన పడనిస్తున్నారు. చూసింది చూడనట్టు, తెలిసింది తెలియనట్టు ఉండగలగడం మీదే ఈ ఆట మొత్తం నిలబడి ఉంది. ఆ నిగ్రహం ఉన్నంతసేపూ ఇంత రుచిగల ఆట నాకు ఇంకొకటి కనపడదు. అది సడలిన చోట మాత్రం ఏళ్లనాటి స్నేహాలు తెగిపోతాయి. ఆకర్షణ ఒక చోట నుంచీ, నష్టం ఇంకో చోట నుంచీ రావడం లేదని, రెండింటి వేరూ ఒకటేనని నా నమ్మకం. ఆ వేరు ఎక్కడుందో చూపించాలనే ఈ ప్రయత్నం.

ముందు పేరు సంగతి. లార్ప్ అంటే లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్. బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ "నా పాత్ర తలుపు తీసింది" అని చెబితే సరిపోదు, లేచి వెళ్లి తలుపు తీయాలి. వేషం కట్టాలి, పాత్ర గొంతుతో మాట్లాడాలి. నాటకానికి దగ్గరి చుట్టమే, కానీ రాసిపెట్టిన మాటలుండవు, ఎదురుగా జనం కూర్చోరు. పక్కన నిలబడ్డ ఆటగాళ్లే ఒకరికొకరు ప్రేక్షకులు. కథ ఎటు తిరుగుతుందో దాన్ని నడిపేవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు.

రక్తపిశాచుల లార్ప్‌కి పెద్ద ఊపు అమెరికాలో వచ్చింది. 1991లో వైట్ వుల్ఫ్ అనే సంస్థ 'వాంపైర్: ద మాస్కరేడ్' అనే ఆటను విడుదల చేసింది. దాని ప్రధాన రూపకర్త మార్క్ రైన్-హేగన్. అది బల్ల మీద ఆడే ఆటే. అప్పటికి రోల్ ప్లేయింగ్ అనగానే గుహలో దూరి, రాక్షసుణ్ణి చంపి, నిధి పట్టుకురావడమే ఎక్కువమందికి గుర్తొచ్చేది. ఈ ఆటలో రాక్షసుడి వేషం ఆటగాడిదే. ఆకలేస్తే మనిషి రక్తం తాగాలి, తాగిన ప్రతిసారీ లోపలి మనిషి కొంచెం కొంచెం చచ్చిపోతుంటాడు. పాత్రలో మిగిలిన మానవత్వానికి ఒక లెక్క, పది నుంచి కిందికి. సున్నాకి దిగితే ఆ పాత్ర ఇక ఆటగాడి చేతిలో ఉండదు, మృగమై పోతుంది. బయటి శత్రువు కన్నా లోపలి ఆకలే భయపెట్టాలన్నది ఉద్దేశం. 1993లో ఇదే లోకాన్ని నిలబడి, తిరుగుతూ ఆడుకునేందుకు 'మైండ్స్ ఐ థియేటర్' పేరుతో నియమాలు వచ్చాయి. వాంపైర్ లార్ప్ అని ఇప్పుడు అందరూ అనుకునేది ఎక్కువగా అక్కడి నుంచి పుట్టిందే.

ఆ లోకాన్ని క్లుప్తంగా చెప్పుకోవాలి, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను తొలి రక్తపిశాచి. అతని నుంచి తరాలు దిగేకొద్దీ రక్తం పలచబడి శక్తి తగ్గుతుంది. వాంపైర్లు క్లాన్లుగా, అంటే వంశాలుగా విడిపోయి ఉంటారు: అధికారం కోరే వెంట్రూ, కళాప్రియులైన టొరియడోర్, తిరుగుబాటు నెత్తురున్న బ్రూహా, మంత్రవిద్యల ట్రెమీర్, వికృత రూపంతో చీకట్లో దాక్కుని సమాచారం అమ్మే నోస్‌ఫరాటూ, మతి చెదిరిన మల్కావియన్, అడవి మృగంలాంటి గ్యాంగ్రెల్. ఈ ఏడూ కామరిల్లా అనే కూటమిగా ఉంటాయి. నగరానికొక ప్రిన్స్ ఉంటాడు. ఆడవాళ్లయినా ఆ పదవి పేరు ప్రిన్సే. అందరికంటే పెద్ద నియమం ఒకటి: మనం ఉన్నామన్న సంగతి మనుషులకు తెలియకూడదు. ఆ ముసుగు పేరే మాస్కరేడ్. వాంపైర్లు కలుసుకునే చోటు ఎలీసియం. అక్కడ కత్తి దూయడం, శక్తులు ప్రయోగించడం నిషేధం.

ఆ చివరి నిషేధం ఆట రూపకర్తల తెలివి. అడవిలో మెత్తటి కత్తులతో కొట్టుకునే లార్ప్‌కి పొలమంత స్థలం కావాలి, కవచాలు కావాలి, ఒంట్లో సత్తువ ఉండాలి. ఎలీసియానికి ఒక గది చాలు. ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు, నిజం ఆయుధాలు తేకూడదు, తాగి ఆడకూడదు అన్నవి మొదటి నుంచీ ఉన్న కట్టుబాట్లు. ఇక మిగిలేది మాట. నేటి కాలపు కథ కాబట్టి బీరువాలో ఉన్న నల్లకోటే వేషమైపోతుంది. తొంభైల్లో ఈ ఆటలోకి అంతకుముందు రోల్ ప్లేయింగ్ గదుల వైపు చూడని చాలామంది ఆడవాళ్లు, గాథ్ అనే చీకటి ఛాయల రాక్ సంగీతం ఇష్టపడేవాళ్లు, నాటకాల వాళ్లు రావడానికి ఇది కూడా ఒక దారి వేసింది. కండబలంతో, యుద్ధతంత్రాల లెక్కలతో పనిలేకుండా, గది మధ్యలో నిలబడి మాటతో గెలవొచ్చు.

మాటతో తేలని తగువులకు వాడేది చిన్నపిల్లల ఆట: రాయి, కాగితం, కత్తెర. పాత నియమాల్లో దీనికి ముందు ఒక చిన్న తంతు ఉండేది. ఆటగాడు తన పాత్రకున్న లక్షణాల్లోంచి ఒకటి పణంగా పెట్టాలి. ఆ లక్షణాలన్నీ విశేషణాలు: గంభీరమైన, మెలకువగల, మొండి, ఇలా. ఆ విశేషణాన్ని మాటలో కలిపి అనాలి. ఎదుటివాళ్లూ ఒకటి పెట్టాలి. తర్వాత చేతులు తెరుస్తారు. ఓడినవాళ్లు పణం పెట్టింది ఆ రాత్రికి పోగొట్టుకుంటారు. కొన్ని ప్రత్యేక శక్తులున్న పాత్రలకు నాలుగో గుర్తు ఉండేది, బాంబు. అది రాయినీ కాగితాన్నీ ఓడిస్తుంది, కత్తెర మాత్రం దాని వత్తిని కోసేస్తుంది. నూరేళ్ల వయసున్న ఇద్దరు అమర పిశాచులు, ఒకరి మీద ఒకరు పగతో రగిలిపోతూ, పిల్లల్లా చేతులు తెరిచి చూసుకుంటారు. చదువుతుంటే వింతగా ఉంటుంది. అక్కడ నిలబడి ఉన్నవాళ్లకు ఆ క్షణంలో ఊపిరి ఆగిపోతుంది.

కానీ ఆట ప్రాణం పోటీల్లో లేదు, బాకీల్లో ఉంది.

వాంపైర్ల సమాజంలో డబ్బుకి విలువ తక్కువ. చెల్లేది ఉపకారం. దాన్ని బూన్ అంటారు. చిన్న సాయానికి చిన్న బూన్, పెద్ద సాయానికి పెద్దది, ప్రాణం కాపాడితే ప్రాణ ఋణం. ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో లెక్క చూసేవాళ్లను హార్పీలు అంటారు. బాకీ ఎగ్గొడితే నలుగురిలో పరువు పోతుంది, ఆ తర్వాత ఎవరూ సాయం చేయరు. ఇది కాగితం మీద చదివితే మామూలుగానే ఉంటుంది. గదిలో ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఒక కొత్త ఆటగత్తె ఉందనుకోండి. ఆమెది టొరియడోర్ పాత్ర. మొదటి రాత్రే పొరపాటున ఒక మనిషి కళ్లముందు తన శక్తి చూపించేసింది. ప్రిన్స్‌కి తెలిస్తే మరణశిక్ష. ఒక నోస్‌ఫరాటూ వచ్చి చెవిలో అంటాడు: "నేను చూశాను. మీరు భయపడకండి, ఆ మనిషి సంగతి నేను చూసుకుంటాను. ఒక చిన్న బాకీ రాసుకుందాం, అంతే." ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. నెల తర్వాత ఆ నోస్‌ఫరాటూ తనకి కావలసిన పనేదో చేయించుకుని, ఆమె బాకీని ఒక వెంట్రూకి బదలాయిస్తాడు. బాకీ కాగితం చేతులు మారినట్టే. ఇంకో రెండు నెలలకు ప్రిన్స్ పదవికి పోటీ వస్తుంది. వెంట్రూ ఆమె దగ్గరికి వచ్చి, సభలో ఫలానా ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమంటాడు. ఆ ఫలానా ఆమె ఈ అమ్మాయిని ఆటకు పరిచయం చేసిన స్నేహితురాలు. ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. తిరిగి అదే కారులో వెళ్లాలి.

ఇంత మంచి నాటకం ఏ రచయిత రాసిచ్చినా దొరకదు. ఒక్క పొరపాటు, చేతులు మారిన ఒక బాకీ, చివరకు ఒక ద్రోహం. ఇందులో స్టోరీటెల్లర్, అంటే కథ నడిపే వ్యక్తి, వేలు పెట్టలేదు. ఆటగాళ్లే ఒకరికొకరు కథ అయ్యారు. ముప్పై మంది ఉంటే ముప్పై కథలు ఏకకాలంలో నడుస్తాయి, ప్రతి దానిలోనూ ఎవరో ఒకరు నాయకులు. దీనికి అలవాటు పడ్డవాళ్లు కంప్యూటర్ గేముల్లో ముందే రాసిపెట్టిన పాత్రలతో మాట్లాడి తృప్తి పడలేమంటే నేను నమ్ముతాను.

అయితే ఆ కారు ప్రయాణం సంగతి? సమస్య అక్కడ మొదలవుతుంది. అబద్ధం ఆడింది పాత్ర, కానీ ఆడిన గొంతు, చూసిన కళ్లు స్నేహితురాలివే. నెలల తరబడి నమ్మించి మోసం చేయడానికి కావలసిన ఓర్పు నటించేది కాదు, నిజంగా ఉండాల్సిందే. "నువ్వు ఇంత బాగా అబద్ధం ఆడగలవని నాకు తెలియదు" అన్న మాట మెచ్చుకోలుగానే మొదలవుతుంది. దాన్ని మెచ్చుకోలుగానే ఉంచుకోవడానికి ఇద్దరూ కష్టపడాలి.

పాత్ర అనుభవించింది ఆటగాడి మనసులోకి, ఆటగాడి మనసులోది పాత్రలోకి కారిపోవడాన్ని లార్ప్ ఆడేవాళ్లు బ్లీడ్ అంటారు. 2007లో గేమ్ డిజైనర్ ఎమిలీ కేర్ బాస్ ఈ పేరు వాడుకలోకి తెచ్చారు. మనకు పరకాయ ప్రవేశం అన్న మాట ఉంది. ఇంకొకరి శరీరంలో దూరినవాడు తిరిగి వచ్చేటప్పుడు అక్కడి దుమ్ము కొంత అంటించుకొస్తాడన్నమాట. బ్లీడ్ దానంతట అది చెడ్డదేమీ కాదు. చాలామంది దానికోసమే ఆడతారు. బయట నోరు విప్పలేని మనిషి ప్రిన్స్ వేషంలో ఆరు నెలలు సభ నడిపి, తర్వాత తన అసలు గొంతులో కూడా ఆ నిబ్బరం మిగిలిందని గమనిస్తే అదీ బ్లీడే. కానీ అవమానం కూడా అలాగే మిగులుతుంది. పాత్రల మధ్య ప్రేమ నడుస్తుంటే ఇంట్లో ఉన్న జీవిత భాగస్వామికి ఏమనిపిస్తుందో చెప్పనక్కరలేదు. అసలు స్నేహితుల మధ్య ఉన్న పాత కోపం పాత్రలోకి దిగి, ఆటలో హత్యగా బయటికి వస్తే, అది కథ కోసమా కక్ష కోసమా అని తేల్చడం చంపినవాడికే కష్టం.

ఇది ఏ లార్ప్‌లోనైనా ఉండేదే కదా అనొచ్చు. నిజమే, కానీ వాంపైర్ ఆటలో దాన్ని ఎక్కువ చేసేవి రెండున్నాయి, రహస్యమూ అమరత్వమూ.

రహస్యం సంగతి చూద్దాం. ఆటలో విలువైన సమాచారమంతా దాచి ఉంచినదే. కాబట్టి స్టోరీటెల్లర్ ఇచ్చే తీర్పులకు కారణం బయటికి చెప్పడం కుదరదు. "నా దాడి ఎందుకు తప్పిపోయింది?" అని ఆటగాడు అడుగుతాడు. ఎదుటి పాత్రకు ఎవరికీ తెలియని రక్షణ ఒకటి ఉంది, అది చెబితే మూడు నెలల కథ పాడవుతుంది. "తప్పింది, అంతే" అనాల్సి వస్తుంది. తీర్పు న్యాయంగా ఉన్నా న్యాయంగా కనపడదు. ఆ రక్షణ ఉన్న ఆటగాడు స్టోరీటెల్లర్‌కి సొంత స్నేహితుడైతే ఇక అడగక్కర్లేదు. పక్షపాతమన్న ఆరోపణ ఈ ఆటల్లో ఇంత తరచుగా వినపడటానికి మనుషుల చెడ్డతనం కన్నా ఆట కట్టుబడే ఎక్కువ కారణం. నిజంగా పక్షపాతం చూపేవాళ్లకు కూడా అదే రహస్యం అడ్డుగోడగా పనికొస్తుంది, అదీ బాధ.

నడిపేవాళ్ల కష్టం ఇంకోటి. ఒక ఆటకూ తర్వాతి ఆటకూ మధ్య పాత్రలు ఏం చేశాయో ప్రతి ఆటగాడూ రాసి పంపుతాడు. దాన్ని డౌన్‌టైమ్ అంటారు. ఎవరు ఎవరి మీద నిఘా పెట్టారు, ఏ పోలీసు అధికారిని మచ్చిక చేసుకున్నారు, ఎక్కడ వేటాడారు. ముప్పై మంది రాసినవి చదివి, ఒకదానికొకటి ఎక్కడ తగులుతాయో చూసి, అందరికీ జవాబివ్వాలి. అదంతా జీతం లేని పని. ఏళ్ల తరబడి ఇది మోసి, ఒకరోజు అన్నీ వదిలేసి వెళ్లిపోయిన స్టోరీటెల్లర్లు ఎందరో. ఆటగాళ్లు వాళ్లకు థాంక్స్ చెప్పడం గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఇక అమరత్వం. మామూలు కథకు ముగింపు ఉంటుంది. చావులేని పాత్రల కథ ఎందుకు ముగియాలి? క్రానికల్ అని పిలిచే ఈ నిరంతర కథలు కొన్ని ఏళ్ల తరబడి సాగుతాయి. వన్ వరల్డ్ బై నైట్ అనే అల్లికలో అమెరికా, బ్రెజిల్ వంటి దేశాల్లోని ఎన్నో ఆటలు ఒకే ఉమ్మడి కథను పంచుకుంటాయి. ఒక నగరంలో చేసిన ద్రోహం ఇంకో నగరంలో మీకంటే ముందే తెలిసిపోతుంది. పాత్రకు చరిత్ర ఉంటుంది, శత్రువులుంటారు, పేరు వినగానే గది నిశ్శబ్దమయ్యే రోజులొస్తాయి. అంత లోతు ఒక్కరాత్రి ఆటలో ఎన్నటికీ రాదు. మనసు పడ్డవాళ్లు ఇరవై ఏళ్లయినా వదలకపోవడానికి కారణం ఇదే.

కానీ ఆడినకొద్దీ పాత్రకు బలం పెరుగుతుంది. పదేళ్ల పాత్ర ముందు నిన్న వచ్చిన పాత్ర చీమ. ప్రిన్స్ పదవి, ప్రైమోజెన్ అనే క్లాన్ పెద్దల సభలో సీట్లు, ప్రిన్స్ ఆజ్ఞలు అమలుచేసే షెరిఫ్ కొలువు, అన్నీ పాతవాళ్ల చేతుల్లోనే. పెద్దలు కదలరు, కుర్రాళ్లకు జాగా దొరకదు అన్నది వాంపైర్ కథలోని అసలు బాధ. అది ఆటగాళ్ల మధ్యకే దిగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లు రెండు రాత్రులు గోడవారన నిలబడి చూసి మూడో నెల రారు. పాతవాళ్లు మాత్రం కొత్తవాళ్లు రావడం లేదని బాధపడతారు. ఇంకోవైపు, ఏడేళ్లు పెంచుకున్న పాత్ర ఒక్క రాయి-కాగితం-కత్తెరలో చచ్చిపోతే కలిగే దుఃఖం నిజమైనదే. ఆ భయంతో పాతవాళ్లు దేనికీ తెగించరు, అందరూ జాగ్రత్తపడే చోట కథ బిగుసుకుపోతుంది.

ఇక్కడే పెద్ద పోరాటాల మాట కూడా చెప్పేయాలి. మాటల మీద నడిచే ఈ ఆట, కత్తులు దూసిన నిమిషాన కుంటుపడుతుంది. పాతికమంది ఒకే గొడవలో ఉంటే, ఎవరు ముందు, ఎవరు ఎవరిని కొడుతున్నారు, ఎవరికి ఏ శక్తి ఉంది అని ఒక్కొక్కరినీ అడగాలి, ఒక్కొక్క పోటీ వేయాలి. కథలో మూడు సెకన్లు గడిచేసరికి గడియారంలో గంట గడుస్తుంది. అందరూ అలసిపోయి నేల మీద కూర్చుంటారు.

వీటన్నిటికంటే సున్నితమైనది ఇంకొకటి ఉంది. వాంపైర్ శక్తుల్లో చాలా భాగం ఎదుటివాళ్ల ఇష్టాన్ని లాగేసుకునేవి. కళ్లలోకి చూసి ఆజ్ఞాపిస్తే చెయ్యాల్సిందే. ఒకే వాంపైర్ రక్తం మూడు వేర్వేరు రాత్రులు తాగితే, తాగినవాళ్లు ఆ వాంపైర్‌కి ప్రేమతో బానిసలైపోతారు. రక్తబంధం అంటారు దీన్ని. కథలో ఇవి భయంకరమైన, లోతైన విషయాలు: ఈ ప్రేమ నాదా, నా చేత చేయించిందా? పేజీ మీద చదవడం వేరు. అదే ఒక ఆటగాడు ఎదురుగా నిలబడి, పోటీలో గెలిచాను కాబట్టి నీ పాత్ర ఇప్పుడు నన్ను ప్రేమించాలి అంటే, ఆ పాత్ర వేస్తున్న మనిషి ఆ రాత్రంతా ఆ ప్రేమను నటించాలి. ముట్టుకోకూడదన్న నియమం శరీరాన్ని కాపాడుతుందేమో గానీ ఈ ఇబ్బంది నుంచి కాపాడదు. ఆ రాత్రి నటించడం ఆ మనిషికి ఇష్టమా అని తొలితరం నియమాలు గట్టిగా అడగలేదు. ఆ లోపాన్ని కెలికి సుఖపడేవాళ్లకు చోటిచ్చిన ఆటల నుంచి మంచి ఆటగాళ్లు మౌనంగా వెళ్లిపోయారు. ఆట లోపాలన్నిటిలో నాకు క్షమించడం కష్టమైనది ఇదే.

పత్రికలు మాత్రం ఈ ఆట ప్రమాదాన్ని వేరే చోట వెతికాయి. 1996లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక దంపతుల హత్య జరిగింది. కెంటకీ నుంచి వచ్చిన టీనేజర్ల గుంపు నాయకుడు తాను వాంపైర్‌నని చెప్పుకునేవాడు, ఈ ఆట ఆడినవాడు కూడా. రోల్ ప్లేయింగ్ పిల్లల్ని హంతకుల్ని చేస్తుందన్న భయం మళ్లీ రాజుకుంది. ఈ ఆట ఆడినవాళ్లలో దాదాపు అందరూ తెల్లారి మామూలు ఉద్యోగాలకు వెళ్లినవాళ్లే. ఒక నేరస్తుడు కప్పుకున్న వేషాన్ని చూసి నేరానికి కారణం అదేనని తేల్చడం అన్యాయం. ఆ గోల వల్ల జరిగిన నష్టం మరోటి ఉంది: బయటి నుంచి రాళ్లు పడుతుంటే లోపలివాళ్లు తమ ఇంట్లో ఉన్న అసలు సమస్యల గురించి మాట్లాడుకోవడానికి జంకారు.

అసలు సమస్యల్లో కొన్ని పుస్తకాల్లోనే ఉన్నాయి. తొలి పుస్తకాల్లో రావ్‌నోస్ అనే క్లాన్‌ను, ఐరోపాలో జిప్సీలని పిలిచే రోమా ప్రజలతో ముడిపెట్టి, దొంగతనం, మోసం వాళ్ల రక్తంలోనే ఉన్న బలహీనతగా రాశారు. తరతరాలుగా అదే నిందతో వేధింపులు పడిన జాతి గురించి ఆట కోసం అలా రాయడం తప్పు. 2018లో వచ్చిన ఐదో ఎడిషన్ తరంలో ఇటువంటివి చాలావరకు మార్చారు. కానీ అదే ఏడాది కొత్త పుస్తకమొకటి, రష్యాలోని చెచెన్యాలో స్వలింగ సంపర్కుల మీద నిజంగా జరుగుతున్న దారుణ హింసను వాంపైర్ల కుట్రకు ముసుగుగా వాడుకుంది. బతికున్న బాధితుల గాయాన్ని కథకు సరుకు చేశారని పెద్ద నిరసన లేచింది. అప్పటికి యజమానిగా ఉన్న స్వీడన్ సంస్థ పారడాక్స్ క్షమాపణ చెప్పి ఆ భాగం తీసేసింది, వైట్ వుల్ఫ్‌ని విడి సంస్థగా ఉండకుండా తనలో కలిపేసుకుంది. "చరిత్రలో ప్రతి దుర్మార్గం వెనకా మేమే ఉన్నాం" అన్న ఊహ వాంపైర్ కథలకు ఎంతో బలం. మనుషులు చేసిన పాపాన్ని పిశాచాల మీదికి నెట్టేసే ప్రమాదం కూడా ఆ ఊహలోనే ఉంది.

ఇంత తెలిశాక కూడా జనం ఎందుకు ఆడుతున్నారు? పిశాచి వేషానికే ఒక పాత ఆకర్షణ ఉంది. 1816 వేసవిలో జెనీవా సరస్సు పక్కన ఒక ఇంట్లో, వానకు బయటికి వెళ్లలేక, కొందరు మిత్రులు తలో దెయ్యం కథ రాయాలని పందెం వేసుకున్నారు. ఆ గుంపులో కవి బైరన్, ఆయన వైద్యుడు జాన్ పోలిడోరి ఉన్నారు. బైరన్ మొదలుపెట్టి వదిలేసిన ముక్కను పట్టుకుని పోలిడోరి తర్వాత ఒక కథ రాశాడు. అది 1819లో అచ్చయింది. అప్పటిదాకా పల్లె శ్మశానాల్లో ఉబ్బిన శవంగా ఉన్న రక్తపిశాచి ఆ కథలో ఒక అందమైన ప్రభువై, విందు గదుల్లోకి నడిచి వచ్చాడు. యజమాని మెరుపుల నీడలో నలిగిన ఒక యువకుడు, ఎదుటివాళ్ల జీవం పీల్చి బతికే గొప్పింటివాణ్ణి సృష్టించాడు. రెండు శతాబ్దాల తర్వాత కూడా వాంపైర్ లార్ప్‌లో ఆడేది ఆ గది కథే: ఎవరు ఎవరి నీడలో ఉన్నారు, ఎవరు ఎవరిని పీల్చుకుంటున్నారు, నవ్వుతూ ఎలా చేస్తున్నారు. ఉద్యోగాల్లో, కుటుంబాల్లో మనం రోజూ పైకి అనలేనిది అక్కడ కోరలు పెట్టుకుని అనొచ్చు.

అందుకే ఆటను వదిలేయడం కన్నా దాని కట్టుబడిని మార్చడం మీద చాలామంది మనసు పెట్టారు. 2004లో వైట్ వుల్ఫ్ తానే ఆ లోకానికి ప్రళయం రాసి, పాత కథను ముగించి, 'వాంపైర్: ద రిక్వీమ్' అనే కొత్త ఆట తెచ్చింది. చాలా పాత క్రానికల్స్ ఆ ప్రళయాన్ని పట్టించుకోకుండా తమ కథ తాము నడుపుకున్నాయి. సృష్టించినవాళ్లు చంపినా చావలేదు. చివరకు 2011లో పాత ఆటకే ఇరవయ్యో వార్షికోత్సవ ఎడిషన్ వచ్చింది. 2013లో బై నైట్ స్టూడియోస్ లార్ప్ నియమాలను కొత్తగా రాసింది.

వేరే దారి ఉత్తర ఐరోపా నుంచి వచ్చింది. అక్కడి నార్డిక్ లార్ప్ సంప్రదాయంలో ఏళ్ల కథల కంటే ఒక్కసారి ఆడి ముగించే ఆటలకు ప్రాధాన్యం. 2016లో హెల్సింకీలో 'ఎండ్ ఆఫ్ ద లైన్', 2017లో బెర్లిన్ వీధుల్లోని పలు చోట్ల ఒకేసారి నడిచిన 'ఎన్‌లైటెన్‌మెంట్ ఇన్ బ్లడ్' ఆ పద్ధతిలో వచ్చిన వాంపైర్ ఆటలు. ఒక్క రాత్రితో కథ అయిపోతుంది కాబట్టి పాత్రను దాచుకోవలసిన పనిలేదు. తెల్లారేసరికి ఎలాగూ ఉండదు, ద్రోహం చేసి, పట్టుబడి, అందంగా చావొచ్చు. రహస్యాలు కాపాడుకోవడం కంటే బయటపడేలా ఆడటమే మంచి ఆట అనుకుంటారు. ఆటకు ముందు అందరూ కూర్చుని ఎవరికి ఏది ఇష్టం, ఏది వద్దు అని మాట్లాడుకుంటారు. పోటీలో గెలిచినంత మాత్రాన ఎవరి చేతా ఏదీ నటింపజేయలేరు.

నాకు ఏళ్ల కథలంటేనే మక్కువ. ఒక్క రాత్రి ఆటలో అలా చేతులు మారిన బాకీ పుట్టదు. కానీ ఏళ్ల కథలకు కూడా ఆ పద్ధతుల్లోంచి తెచ్చుకోదగినవి ఉన్నాయి, చాలా ఆటలు తెచ్చుకున్నాయి కూడా. రెండేళ్లకో మూడేళ్లకో క్రానికల్‌కి ముందే గడువు పెట్టడం ఒకటి: పెద్దలు అందరితో పాటు దిగిపోతారు, అందరూ మళ్లీ కుర్రాళ్లై మొదలవుతారు. ఆట ముగిశాక అరగంట కూర్చుని పాత్ర గురించి "ఆమె ఇలా చేసింది" అని వేరే మనిషి గురించి చెప్పినట్టు చెప్పుకోవడం ఇంకొకటి. ఆ కారు ప్రయాణానికి ముందు అలాంటి అరగంట ఉంటే, సాక్ష్యం చెప్పిన అమ్మాయి "నాకు చేతులు వణికాయి తెలుసా" అనగలిగితే, స్నేహితురాలు నవ్వగలదు.

ఇప్పుడు చాలా లార్ప్‌ల్లో ఇంకో సైగ కూడా నేర్పుతున్నారు. ఒక చెయ్యి కనుబొమల మీద నీడలా పెట్టుకుని, తల కొంచెం వంచి, నడిచి వెళ్లిపోవడం. అది పాత్ర కోసం కాదు, మనిషి కోసం. నాకు ఇక్కడ ఉండాలని లేదు, కారణం అడగకండి అని దాని అర్థం. హాల్లో సభ రసకందాయంలో ఉంటుంది, ప్రిన్స్ తీర్పు చెబుతుంటాడు. గోడవారన నిలబడ్డ ఒకామె చెయ్యి కనుబొమల మీదికి ఎత్తుతుంది. పక్కవాళ్లు మాట ఆపరు, ఆమె వైపు తిరగరు. ఒకడుగు వెనక్కి వేసి తలుపు దాకా దారి వదులుతారు.